కట్ట కింద ఇల్లు

మూడేళ్లకొకసారి వస్తాను.
ట్రక్కు దిగి, రబ్బరు బూట్లు తొడిగి
మట్టికట్టల మీద నడవడం నా ఉద్యోగం.
విస్కాన్సిన్‌లో ఈ మూల ఉన్న నూట పద్దెనిమిది కట్టలకు
నేనొక్కణ్ణే.
నా కాగితాల్లో దీనికి నంబరుంది.
ఊళ్లో టోర్‌గర్సన్ చెరువంటారు.

ఎత్తు ఇరవై రెండడుగులు.
టోర్‌గర్సన్ అనే ఆయన వెనకటికెప్పుడో
అరువు బుల్‌డోజరుతో, ఇద్దరు బావమరుదులతో
ఒక్క వేసవిలో వేసేశాడట.
నక్షా ఉందా అంటే నవ్వారు.

నీళ్ల మీద పసుపు పడవలు, గాలి నింపిన బాతు,
చెక్కబల్ల మీంచి దూకుతూ పిల్లల కేకలు.
అందరూ చెరువుకేసి చూస్తారు.
నేను చెరువుకి వీపుపెట్టి నడుస్తాను.

ఎలుకజాతి దేనివో బొరియలు రెండు.
మొలవకూడని చోట జమ్ము.
అలుగులో, సరిగ్గా నీళ్లు పోయే దారిలో,
ఎవరో పడవ కట్టేసుకున్నారు.
రాసుకున్నాను.

ఆర్డిస్ హాగెన్ ఎదురొచ్చింది.
డెబ్బై ఆరేళ్లు. చెరువు సంఘానికి కార్యదర్శి,
కోశాధికారి, గడ్డి కోసే మనిషి కూడా.
చేతిలో పాలడబ్బా, మెడలో స్టాప్‌వాచి.
కట్ట అడుగున సన్నటి ఊట ఒకటుంది.
ప్రతి ఆదివారం డబ్బా నిండేదాకా సెకన్లు లెక్కపెట్టి
నోటుబుక్కులో రాస్తుంది.
"నలభై ఒకటి. పోయిన వారమూ ఇంతే."
సీసాలో పోసి ఎండకెత్తి చూపించింది.
తేట.
తేటనీరు కారితే కారనీ.
మడ్డినీరొస్తేనే భయం, కట్ట లోపల్నుంచి
తనను తాను తోడిపోసుకుంటున్నట్టు.
ఇది నేను ఆవిడకి చెప్పక్కర్లేదు.

వాలులో ఒక బర్చ్ చెట్టు.
పోయినసారి నా నడుం దాకా, ఇప్పుడు నా తలపైకి.
"కొట్టించేయాలండీ."
"అది లైల్ చెట్టు. వాడు పోయిన ఏడు వాళ్లమ్మాయి నాటింది."
"బతికున్నన్నాళ్లూ సరే. చచ్చాక వేరు కుళ్లి
వేరున్నంత మేరా గొట్టం మిగులుతుంది.
నీటికి అది చాలు."
ఆవిడ కాసేపు బెరడు గోకింది.
"లైల్‌కి చెబితే నవ్వేవాడు" అంది.

అప్పుడు కిందికి చూశాను.
వాగు వంపులో, పోయినసారి మొక్కజొన్న ఉన్నచోట,
నీలం కప్పు ఇల్లు.
ట్రాంపొలిన్. తీగ మీద చిన్నచిన్న మేజోళ్లు.

నా ఫారంలో ఒక గడి ఉంది:
తెగితే ప్రాణాపాయం ఏపాటి?
పన్నెండేళ్లుగా 'తక్కువ' అని రాస్తున్నాను.
కట్ట అంగుళం కుంగలేదు, మట్టి అదే మట్టి.
కింద ఎవరో నిద్రపోవడం మొదలుపెట్టారు,
అంతే.
'ఎక్కువ' అని రాశాను.

ఆ ఒక్క మాటకి ఇంజినీరు రావాలి, అలుగు వెడల్పు కావాలి,
రెండు లక్షల డాలర్లు కావాలి.
సంఘం ఖాతాలో పాన్‌కేకుల విందు మిగిల్చిన
పద్నాలుగు వందలున్నాయి.
లేదంటే తూమెత్తి చెరువు దించేయడమే.
ఆవిడ వాదిస్తుందనుకున్నాను.
"కింద వాళ్లకి తెలుసా?" అంది.
ఆ ప్రశ్నకి నా ఫారంలో గడి లేదు.

సీసా పట్టుకుని
వాలు మీద పక్కవాటుగా అడుగులేస్తూ దిగిపోయింది.
తడిజుట్టుతో ఎవరో ఆడమనిషి తలుపు తీసింది.
ఇద్దరూ నా వైపు తిరిగారు.
ట్రాంపొలిన్ మీద పాప ఎగిరినప్పుడల్లా
చెయ్యి ఊపింది.
కట్ట మీద నిలబడ్డ మనిషిని,
నేనూ ఊపాను.

అక్టోబరులో ఆఫీసుకి ఫొటోలొచ్చాయి.
చెట్టు లేదు. మొద్దు పెరికిన చోట బంకమట్టి,
దానిమీద ఎవరివో బూటుముద్రలు.
రెండోది నోటుబుక్కు పేజీ.
ఆర్డిస్ రాత కాదు,
గుండ్రటి అక్షరాలు, గీత దాటి పైకెక్కుతున్నాయి:
ముప్పై ఎనిమిది. తేట.

మూడు సెకన్లు ముందే నిండింది డబ్బా.
వానలు పడ్డాయి, అందుకేనేమో.
ఫొటో పెద్దది చేశాను, సీసా కనిపిస్తుందేమోనని.
లేదు.
ఆ పాప 'తేట' అన్న మాటనే
కాసేపు వెలుతురుకెత్తి చూసి
ట్రక్కు తాళాలు వెతుక్కున్నాను.